చిన్నదారి – చిన్నచూపు

మానవచరిత్రలో చిరస్థానం సంపాదించిన వారి జీవితాలను పరిశీలిస్తే, వారిలో అధికసంఖ్యాకులు ఏదో ఒక ఘనకార్యం సాధించినవారుగానే కనిపిస్తారు. కొందరు రాజ్యాలు గెలిచారు. కొందరు శాస్త్రసత్యాలను వెలికి తెచ్చారు. కొందరు నిద్రిస్తున్న జాతులను మేల్కొలిపారు. కాని ఫ్రాన్సు దేశంలోని ఒక చిన్న పట్టణంలో, మఠం గోడల వెనుక తొమ్మిదిన్నర సంవత్సరాలు బట్టలుతికి, గదులూడ్చి, భోజనశాలలో రొట్టె పంచి, ఇరవైనాలుగవ యేట క్షయవ్యాధితో కన్నుమూసిన ఒక యువతి కీర్తి ఖండాంతరాలకు వ్యాపించడం ఎవరికైనా ఆశ్చర్యం కలిగించే విషయం. ఆమె లిసియు పట్టణపు తెరేసా. కథోలిక క్రైస్తవులు ఆమెను పునీత చిన్న తెరేసమ్మ అని పిలుచుకుంటారు.

ఈ పేరు మనకు కొత్తదనిపించవచ్చు గాని, ఆమె నీడ మన ఊళ్ళలోనే ఉన్నది. హైదరాబాదు ఆబిడ్సు ప్రాంతంలోని లిటిల్ ఫ్లవర్ హైస్కూలు మొదలుకొని తెలుగునాట అనేక పట్టణాలలో ఆ పేరుతో పాఠశాలలున్నాయి. ఆ పేరులోని చిన్న పువ్వు ఈమెయే. ఆమె తనను తాను దేవుని తోటలోని ఒక చిన్న తెల్లపువ్వుగా భావించుకొన్నది; లోకం ఆ పేరునే స్థిరపరచింది. కలకత్తా వీధులలో దీనులకు తల్లియై, 2016లో పునీతగా ప్రకటింపబడిన మదర్ థెరిసా సన్యాసదీక్షలో స్వీకరించిన పేరు కూడా ఈమెదే.

మాది నూజివీడు ప్రాంతం. 2022లో ఏలూరు జిల్లాలో కలిసినా, రసాల పేరు చెప్పగానే నేటికీ అందరికీ గుర్తుకు వచ్చే మామిడి సీమ. మా ఊరినుంచి హనుమాన్ జంక్షన్ మీదుగా విజయవాడ పోయే దారిలో పెదఅవుటపల్లి ఉన్నది. 1945 జనవరి 15న అక్కడ కన్నుమూసిన బ్రదర్ జోసఫ్ తంబి సమాధిని దర్శించడానికి ఏటా జనవరిలో జనం తండోపతండాలుగా వస్తారు. నేను కథోలికుణ్ణి కాను. అయినా చిన్ననాటినుంచి ఆ జనప్రవాహాన్ని బస్సు కిటికీలోనుంచి చూస్తూ పెరిగినందువల్ల, భక్తులంటే జనం మధ్య తిరిగేవారు, జనం వెతుక్కుంటూ వెళ్ళేవారు అన్న భావన నాలో నాటుకొన్నది. మా అమ్మకు ఇంజక్షను ఇవ్వడానికి వచ్చే నర్సమ్మ ఒకనాడు మా ఇంట వదలివెళ్ళిన తెరేసమ్మ జీవితచరిత్ర చదివినప్పుడు ఆ భావన కొంత కదిలింది.

తెరేసా 1873 జనవరి 2న అలాన్సోన్ పట్టణంలో జన్మించింది. తండ్రి లూయీ మార్టిన్ గడియారాల పనివాడు. తల్లి జెలీ సన్నని లేసు అల్లికల వ్యాపారం నడిపిన సమర్థురాలు. తొమ్మిదిమంది సంతానంలో తెరేసా కడసారి బిడ్డ. నలుగురు పసితనంలోనే పోగా ఐదుగురు ఆడపిల్లలు మిగిలారు. తెరేసాకు నాలుగున్నరేళ్ళు నిండే వేళకు, 1877 ఆగస్టులో, తల్లి రొమ్ము కాన్సరుతో మరణించింది. కుటుంబం లిసియుకు తరలివచ్చింది. తల్లివలె పెంచిన అక్క పోలీన్ 1882లో కార్మెల్ మఠంలో చేరడంతో, ఆ పసిపిల్లకు రెండవసారి తల్లి దూరమైనట్లయింది.

తానూ ఆ మఠంలోనే చేరాలని తెరేసా పదునాలుగేళ్ళకే నిశ్చయించుకొన్నది. తండ్రి కన్నీటితో అంగీకరించాడు. మఠం బాధ్యత వహించే గురువు మాత్రం ఇరవైయొకటి నిండేదాకా ఆగమన్నాడు. ఆమె ఊరుకోలేదు. పెద్దదానివలె కనిపించాలని జుట్టు పైకెత్తి ముడి చుట్టుకొని బిషప్పును దర్శించింది. ఆయనా తేల్చలేదు. అంతట తండ్రితో యాత్రికుల వెంట రోమునగరం వెళ్ళింది. 1887 నవంబరు 20న పదమూడవ లియో పోపు ఎదుట, ఎవ్వరూ మాట్లాడరాదన్న నిషేధాన్ని లెక్కచేయక, మోకాళ్ళపై నిలిచి తన కోరికను విన్నవించింది. పెద్దల మాట ప్రకారం నడుచుకొమ్మనీ, దైవసంకల్పమైతే జరుగుతుందనీ ఆయన సెలవిచ్చారు. ఆమె కదలకపోయేసరికి భటులు చేతులు పట్టి లేవనెత్తి తీసుకుపోవలసివచ్చింది. చివరకు అనుమతి లభించింది. 1888 ఏప్రిల్ 9న, పదిహేనేళ్ళ వయస్సులో, ఆమె మఠద్వారం దాటి లోపల అడుగుపెట్టింది.

లోపల ఏమి చేసింది? ఇక్కడే ఆమె జీవితంలోని విశేషమున్నది. చాకిరేవులో ఎదుట కూర్చున్న కన్యస్త్రీ గుడ్డలు జాడిస్తూ మురికినీళ్ళు ముఖాన చిమ్ముతుంటే వెనుకకు జరగక ఓర్చుకొన్నది. ధ్యానసమయంలో వెనుకనున్న మరొక ఆమె చేసే చిన్న చప్పుడుకు ప్రాణం విసిగిపోతే, ఆ చప్పుడునే దేవునికి సంగీతంగా సమర్పించాలనుకొన్నది. తన మనస్సుకు ఏమాత్రం సరిపడని ఒక సోదరిని ఎంత ప్రేమతో పలకరించిందంటే, నాలో నీకు నచ్చినదేమిటని ఆ సోదరియే అడిగిందట! నడవలేని ఒక వృద్ధ కన్యస్త్రీని ప్రతి సాయంకాలం భోజనశాలకు నడిపించే పనిని తనంతట తాను కోరి తీసుకొన్నది. ఆ వృద్ధురాలిని మెప్పించడం ఎవరి తరమూ కాదు. వేగంగా నడిస్తే పడిపోతానంటుంది; నెమ్మదిగా నడిస్తే చెయ్యి వదిలేశావంటుంది. తెరేసా ఆమెను బల్లవద్ద కూర్చుండబెట్టి, ఎవరూ చెప్పకుండానే రొట్టెను ముక్కలు కోసిపెట్టి, చిరునవ్వు నవ్వి వెళ్ళేది.

ఈ మార్గానికి ఆమె పెట్టుకొన్న పేరు చిన్నదారి. ఘోరతపస్సులనే నిటారు మెట్లు ఎక్కగల శక్తి తనకు లేదు. యాత్రలో ధనికుల భవనాలలో లిఫ్టులను చూసింది గనుక, దేవుని చేరడానికి కూడా ఒక లిఫ్టు ఉండాలి గదా అని ఆలోచించింది. పసిబిడ్డను తండ్రి ఎత్తుకొన్నట్లు దేవుడే తన్ను ఎత్తుకోవాలి. తాను చేయవలసింది చిన్నదిగా ఉండి, చేతనైన చిన్న పనిని నిండు ప్రేమతో చేయడం. ఇదే ఆమె సిద్ధాంతం.

ఇది తీపి కథ అని ఎవరూ భ్రమపడరాదు. ఆమె ఎంతగానో ప్రేమించిన తండ్రికి మతి చలించి, 1889లో మానసిక చికిత్సాలయంలో చేర్చవలసివచ్చింది. 1896 ఏప్రిల్‌లో, పవిత్ర శుక్రవారం ముందటి రాత్రి, ఆమె నోట నెత్తురు పడింది. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. అప్పటికి క్షయ అంటే మరణశాసనమే. శరీరం ఇట్లా క్షీణిస్తుండగా, విశ్వాసం కూడా చీకటిలో పడింది. స్వర్గమన్నది అసలే లేదేమో, అంతా శూన్యమేమో అన్న ఆలోచన దాదాపు పదునెనిమిది నెలలు, తుదిశ్వాస వరకు ఆమెను వేధించింది. ఆమె ఆ చీకటినుంచి పారిపోలేదు. నమ్మకం లేనివారి పంక్తిలో తానూ కూర్చుని, వారు తినే చేదు రొట్టెనే తింటున్నాననుకొన్నది. ధ్యానమంటే దర్శనాలు, వెలుగులు అనుకొనే మనకు ఈ ఘట్టం కనువిప్పు. వెలుగు కనిపించనప్పుడు కూడా దాని దిక్కుగానే నడవడం ఆమె యోగసాధన. 1897 సెప్టెంబరు 30 సాయంకాలం ఆమె కన్నుమూసింది. పెద్దల ఆజ్ఞపై వ్రాసిన ఆమె స్వీయకథ మరుసటి సంవత్సరం రెండువేల ప్రతులతో వెలువడి, క్రమంగా అనేక భాషలలోకి ప్రవేశించింది. 1925 మే 17న ఆమెను పునీతగా ప్రకటించారు.

మా తోటలలో పుష్యమాఘాలలో పూత చూసినవారికి ఈ జీవితం సులభంగా అర్థమవుతుంది. మామిడిపువ్వు మల్లెవలె తలలో పెట్టుకొనేది కాదు, మందారంవలె పూజకు కోసేది కాదు. ఒక్కొక్క పూగుత్తిలో వందలు, కొన్నింటిలో వేల పూలుంటాయి; వానిలో నూటికి ఒక్కటైనా పండు కావడం అరుదు. తేనెమంచు పురుగు కొంత, బూడిద తెగులు కొంత, అకాలపు వాన కొంత రాల్చివేస్తాయి. అయినా ఆ చిన్నపూత లేనిదే చిన్నరసమూ లేదు, పెద్దరసమూ లేదు, బంగినపల్లీ లేదు. తోటలను పాటకు తీసుకొనే మా నాన్నగారు సంవత్సరపు బ్రతుకుతెరువంతా ఆవగింజంత పువ్వులో చూసుకొనేవారు.

అయితే ఈ చిన్నదారిని గురించి మా ఇంట తలెత్తిన ప్రశ్నను ఇక్కడ చెప్పకతప్పదు. అమ్మ పక్షవాతంతో మంచం పట్టగా, అక్కయ్య ఇంటర్మీడియెట్‌తో చదువు ఆపి నాలుగేళ్ళుగా ఆమెకు సేవచేస్తున్నది. ఒక వేసవి సాయంకాలం అక్కయ్య గదిలో వరిగడ్డి పరచి, చిన్నరసాలను మాగవేస్తున్నది. నేను గడప మీద కూర్చుని ఆ వృద్ధ కన్యస్త్రీకి తెరేసా రొట్టె కోసిపెట్టిన కథ చదివి వినిపించాను. అక్కయ్య చేతులు ఆగాయి.

“ఏరా, ఆ పిల్లను మఠానికి ఎవరైనా పంపారా? తనే పోయిందా?” అని అడిగింది.

“తనే పోయింది అక్కయ్యా. అందరూ వద్దన్నా పోయింది.”

“అయితే ఆమె కథ వేరు, నా కథ వేరు. అమ్మకు చేయడం నాకు బరువు కాదు. కాని చదువు మానతావా అని నన్నెవరూ అడగలేదు.” కొంతసేపు కాయలు సర్ది మళ్ళీ అడిగింది: “ఆ పుస్తకం ఎప్పుడు వ్రాసింది?”

“పనులయ్యాక, తీరిక దొరికిన కాసేపట్లో. ఒంట్లో ఓపిక పోయి కలం పట్టలేనప్పుడు చివరి పుటలు పెన్సిలుతో వ్రాసింది.”

అక్కయ్య మరేమీ అనలేదు. ఆ యేడే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఏ.కు ఫీజు కట్టించుకొన్నది. అమ్మ మంచం ప్రక్కనే ఆమె పుస్తకాలు చేరాయి. ఆదివారం వంట నాకూ, రాత్రి మందులివ్వడం నాన్నగారికీ వచ్చాయి.

ఆ ప్రశ్న తరువాత తెరేసమ్మ జీవితాన్ని నేను మరొక దృష్టితో చదివాను. చిన్నదారి వేరు, చిన్నచూపు వేరు. చిన్నదారి తనంతట తాను ఎన్నుకొన్నది. చిన్నచూపు ఇతరులు నెత్తిన పెట్టేది. బిషప్పు మౌనానికీ, పోపు కొలువుకూ జంకని బాలికను అణకువకు ప్రతిమగా మాత్రమే చూపి, “అమ్మాయీ, నీవూ ఇట్లే వంటింట పడి ఉండు” అని బోధించడం ఆమెకు అపచారం. గురువు కావాలని, దేశదేశాలలో ప్రచారకురాలు కావాలని, వేదపండితుల వలె బోధించాలని, ప్రాణత్యాగం చేయాలని ఆమె తహతహలాడింది. గడప దాటని ఆ యువతిని 1927లో ప్రపంచ వేదప్రచారానికి పాలకురాలిగా, 1997లో శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. స్త్రీలలో ఆ గౌరవం పొందిన మూడవ వ్యక్తి ఆమె.

ఇట్టి మనస్వినులు ఒక్క మతానికే పరిమితం కారు. నరకభయం కోసమూ, స్వర్గాశ కోసమూ కాక దేవుని దేవునికొరకే ప్రేమించాలన్న బస్రా నగరపు రాబియాను సూఫీలు నేటికీ స్మరిస్తారు. వైధవ్యపు కట్టుబాట్లకు తలవంచక వేంకటాచల మాహాత్మ్యం రచించిన తరిగొండ వెంగమాంబ మన తెలుగు బిడ్డయే. వీరు లోకం ఇచ్చిన ఇరుకుగదిలో కూర్చోలేదు. తాము కోరిన ఏకాంతంలో కూర్చున్నారు.

విద్యార్థినీ విద్యార్థులారా! మనలో అందరమూ మహాకార్యాలు సాధించలేము. పరీక్షలు, ఉద్యోగాలు, ఇంటి బరువులు మనలను ఎక్కడెక్కడికో చేరుస్తాయి. చేతికి వచ్చిన చిన్నపనిని నిండుమనస్సుతో చేయడానికి తెరేసమ్మ జీవితం మనకు ధైర్యమిస్తుంది. అంతకంటె ముఖ్యంగా, మన ఇళ్ళలో ఎవరి చేతి చిన్నపనుల మీద మన పెద్ద చదువులు నిలిచి ఉన్నాయో గమనించే చూపునిస్తుంది. ఆ చేతులకు నమస్కరించి ఊరుకొంటే చాలదు. వారు ఏమి కోరుకొన్నారో అడగాలి. అడిగి, ఆ పనిలో మన వంతు మనం పంచుకోవాలి.