బటన్ దగ్గర బావ

హోసూరులో మా ఇంట్లో సంక్రాంతి రాత్రి పేక పరచడం పాత అలవాటే. మునుపు రమ్మీ ఆడేవాళ్లం. పిల్లలు బెంగళూరు ఉద్యోగాలకు పోయినాక పోకర్ వచ్చింది. పందెం మాత్రం చింతగింజలే. తాత పేకాటలో ఎకరం మడి పోగొట్టినప్పటినుంచీ మా ఇంట్లో ముక్కల దగ్గర డబ్బు కనబడకూడదు.

మొన్న పండగకు బావ మమ్మల్నందరినీ ఊడ్చేసినాడు. బటన్ తన ముందుకొస్తే చాలు, చేతిలో ఏమున్నా పెంచేస్తాడు. ముందువాళ్లు పడేసినాక మిగిలేది బ్లైండ్లు కట్టిన ఇద్దరే. బల్ల మీద ముక్కలు తెరిచినాక కూడా అందరి ఆటా చూసి చివర ఆడేది తనే.

మర్నాడు కూర్చుని లెక్క వేసినాం. చిన్న బ్లైండు 1 గింజ, పెద్ద బ్లైండు 2. ఆ 3 కోసం బావ 5 పెడతాడు. 8 సార్లలో 5 సార్లు ఇద్దరమూ పడేస్తే అతనికి నష్టం లేదు, అంతకు మించితే ఏ ముక్కలతోనైనా లాభమే. మేము పదిసార్లలో తొమ్మిదిసార్లు పడేస్తుంటిమి!

పెద్ద బ్లైండులో ఉన్నవాళ్లు ఇంకో 3 వేస్తే కుప్ప 11 అవుతుంది. అంటే నూటికి 27 పాళ్లు గెలిచే వీలుంటే చాలు. తర్వాత ముందుగా ఆడాల్సింది మనమే కనుక ఇంకాస్త ఎక్కువ ఉండాల. అయినా ఇస్పేటు తొమ్మిది, ఎనిమిది లాంటివి పడేయకూడదు. చిన్న బ్లైండుకు వెనక ఇంకొకరు ఉంటారు. అక్కడ ఊరికే కలిసేకంటే తిరిగి పెంచడమో, పడేయడమో మేలు. పెద్ద జతలతో 20 దాకా పెంచొచ్చు. అప్పుడప్పుడు ఒకే జాతి ఆసు, అయిదుతో కూడా. మన చేతిలో ఒక ఆసుంటే అవతల ఆసుల జత ఉండే వీలు సగానికి తగ్గుతుంది.

ఆ రాత్రి ఇట్లే ఆడితే బావ జోరు తగ్గింది. కానీ మాలో ఒకరు కోపంతో, ఏడు, రెండు పట్టుకుని ఉన్న గింజలన్నీ తోసేసి పోగొట్టినారు. చూస్తున్న అవ్వ అనింది: "మీ తాత కూడా ఇట్లే, ఈసారి వాణ్ణి వదల్నని కూర్చున్యాడప్పా."

ఎవరూ మాట్లాడలేదు. ఎదురు నిలవాల్సిందే, కానీ లెక్కతో. పంతంతో నిలిస్తే ఏమవుతుందో మా ఇంటికి తెలుసు.