11 మిల్లీమీటర్లు

ముట్లుడిగి పధ్నాలుగేళ్ళయిన స్త్రీకి మళ్ళీ రక్తం కనబడితే అది తేలికగా తీసుకోదగ్గ విషయం కాదని నాకు తెలుసు. అందుకే మూడోనాడే ఆసుపత్రికి వెళ్ళాను. కానీ భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, ముప్పైమూడేళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పిన నాకు అక్కడ మాట దొరకలేదు. "కింద కొంచెం ఎర్రగా కనిపిస్తోందండీ" అన్నాను. డాక్టరమ్మ మా అమ్మాయి ఈడుది. "కింద అంటే ఎక్కడమ్మా? మూత్రంలోనా, మలంలోనా, యోనిలోంచా?" అని జ్వరం సంగతి అడిగినంత మామూలుగా అడిగింది.

ఆలోచిస్తే, మన భాషలో మాటలకు కొరతేమీ లేదు. ఋతువు అంటే వసంతాదులలో ఒకటి, స్త్రీధర్మమూ అదే. ముట్టు అంటే తాకడం, తాకకూడని ఆ మూడు రోజులూ ముట్టే. బయట చేరడం, దూరముండడం అని ఇంటింటా వాడుక. స్త్రీని ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పే మాటలివన్నీ. ఆమెకు ఎక్కడ నొప్పి, ఎక్కడ బాధ అని చెప్పేవి కావు. ఆపాదమస్తకం స్త్రీని వర్ణించిన పద్యాలకు ప్రతిపదార్థం చెప్పించాను పిల్లలచేత. గర్భాశయానికి జబ్బు చేస్తే చెప్పుకోవడానికి మాత్రం "కింద" అన్న ఒక్క మాటే మిగిలింది నా దగ్గర!

అదే రోజు స్కానింగు చేశారు. గర్భాశయం లోపొర మందం 11 మిల్లీమీటర్లని నివేదికలో ఉంది. నెలసరి ఆగిపోయిన తరువాత ఈ పొర పలచబడిపోతుంది. రక్తస్రావం అయినవారిలో 4 మిల్లీమీటర్లు, అంతకు లోపు ఉంటే క్యాన్సరుండే అవకాశం చాలా తక్కువ. అది దాటితే లోపలి ముక్క తీసి పరీక్షించాలి. కిందటేడు చేయించుకున్న పాప్ పరీక్ష బాగానే ఉందిగదా అన్నాను. ఆ పరీక్ష గర్భాశయ ముఖద్వారానికి సంబంధించినదట. ద్వారం బాగున్నంత మాత్రాన లోపలి గది సంగతి తెలిసినట్టు కాదు. చీటీ మీద "టు రూల్ అవుట్ మాలిగ్నెన్సీ" అని రాసి ఇచ్చింది.

ఇంటికి వచ్చాక మావారు ఆ చీటీని రెండుసార్లు చదివి, "అంటే క్యాన్సరనా?" అన్నారు. "కాదని తేల్చుకోవడానికండీ" అన్నాను. అప్పుడు ధైర్యంగానే అన్నాను. రాత్రి పడుకున్నాక ఆ వాక్యమే ఇటు తిరిగి అటు తిరిగి నిద్ర పోనివ్వలేదు. మర్నాడు తెల్లవారి లేచేసరికి నలభైయేళ్ళ కాపురంలో ఏనాడూ పొయ్యి దగ్గరకు రాని మనిషి కాఫీ కలిపి తెచ్చారు. పంచదార వేయడం మరిచిపోయారు. నేను చెప్పలేదు, తాగేశాను. ఆయన భయం ఎంతటిదో ఆ చేదులో తెలిసింది.

మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి, "అమ్మా, నువ్వు నెట్లో ఏమీ చూడకు" అంది. చూశాను. 2018లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం, ముట్లుడిగాక రక్తస్రావమైన స్త్రీలలో నూటికి సుమారు తొమ్మిదిమందికి గర్భాశయ క్యాన్సరు తేలింది. తక్కినవారిలో పొర పలచబడి చిట్లడమో, పిలక వంటి పెరుగుదలో, మరో చిన్న కారణమో. నా 11 మిల్లీమీటర్లు ఆ తొమ్మిదిని కొంత పెంచుతాయని కూడా చదివాను. అయినా అంకె తెలియని భయం కంటే అంకె తెలిసిన భయమే నయమనిపించింది. ఇంకొక మాట కూడా ఊరటనిచ్చింది: ఈ క్యాన్సరు రక్తం రూపంలో ముందుగానే చాటుకుంటుంది గనుక చాలామందిలో తొలిదశలోనే పట్టుబడుతుంది.

పట్టుబడాలంటే చెప్పుకోవాలి కదా! ఆసుపత్రి బల్ల మీద నా పక్కన కూర్చున్నావిడ కూలిపనులకు వెళ్ళే మనిషి. ఎనిమిది నెలలుగా అవుతోందట. "ఈ వయసులో ఇదేంటని కోడలు నవ్వుద్దని చెప్పలేదు పంతులమ్మగారూ. వేడి చేసిందనుకొని సబ్జాగింజలు తాగా" అంది. ఆమె పేరు పిలిచారు, లోపలికి వెళ్ళింది. ఏమని తేలిందో నాకు తెలియదు. నా నివేదిక కంటే ఆ ఎనిమిది నెలలే నన్ను ఎక్కువగా వెంటాడుతున్నాయి.

వచ్చే మంగళవారం నాకు హిస్టరోస్కోపీ. గ్రీకులో హిస్టరా అంటే గర్భాశయం. హిస్టీరియా అన్న మాటకూ అదే మూలం. ఒకే ధాతువు నుంచి స్త్రీ మాట నమ్మకపోవడానికి ఒక పదం, లోపలికి చూసి నిజం తెలుసుకోవడానికి మరో పదం పుట్టాయి. 1869లో పాంటలియోని అనే వైద్యుడు, రక్తస్రావం ఆగని అరవయ్యేళ్ళ స్త్రీ గర్భాశయంలోకి గొట్టం గుండా వెలుగు పంపి చూసి, అక్కడ పిలకను కనుగొన్నాడు. ఈ పరీక్షకు అదే నాంది అంటారు. ఆమె పేరేమిటో నాకు తెలియదుగాని, వయసు మాత్రం ఇంచుమించు నాదే. ఆ దీపం ముందు ఆవిడ ఎంత ధైర్యంగా పడుకుందో!

నాకు కోత ఉండదు. సన్నని గొట్టం, ఉప్పునీరు, చిన్న కెమెరా. పిలక కనబడితే అప్పుడే తీసేస్తారు. ముక్కను పరీక్షకు పంపుతారు. ముందు రోజు అర్ధరాత్రి నుంచి ఉపవాసం. ఏకాదశులు చేసిన ప్రాణమే కనుక దానికి దిగులు లేదు.

డాక్టరమ్మను అడగవలసినవి కాగితం మీద వరుసగా రాసుకున్నాను. మత్తు ఎంతసేపు? ముక్క ఫలితం ఎన్నాళ్ళకు? పొర కణాలలో మార్పు ఉందంటే మందులా, గర్భాశయం తీసివేయడమా? ఇంటికి వచ్చాక ఎంత రక్తం పోతే మళ్ళీ రావాలి? ఈసారి "కింద" అన్న మాట ఎక్కడా రాయలేదు. ప్రతి అవయవాన్నీ దాని పేరుతోనే రాశాను. రాసి, మావారి చేత పైకి చదివించాను. మొదట నసిగినా, చివరిదాకా చదివారు.

ఫలితం ఏదైనా వచ్చాక మీకు తెలియజేస్తాను. ఈలోగా చదువరులకు నా మనవి ఒక్కటే. మీ అమ్మగారికో, అత్తగారికో, మేనత్తకో యాభై దాటి ఉంటే, నెలసరి ఆగి ఏడాది గడిచాక ఒక్క చుక్క కనబడినా చెప్పమని ఈ రోజే అడగండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. మగపిల్లలు కూడా అడగవచ్చు, తప్పులేదు.