రెండు ఎర్రగడ్డ!

ఎర్రగడ్డలో రైతుబజారుంది. మెట్రో స్టేషనుంది. అయినా ఆ పేరు చెప్పగానే ఎవరో ఒకరు కిసుక్కున నవ్వుతారు. విశాఖలో చినవాల్తేరుదీ అదే గతి. పిచ్చాసుపత్రి ఉన్న పాపానికి ఊరి పేరే తిట్టయి కూర్చుంది.

ఆ నవ్వుకి భయపడే హైదరాబాద్ బస్తీలో ఒక తల్లి కొడుకుని రెండేళ్లు ఇంట్లోనే దాచింది. డిగ్రీ చదివే పిల్లాడు. తనలో తాను మాట్లాడుకునేవాడు. రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదు. గాలి సోకిందన్నారెవరో. తాయెత్తు కట్టించింది. కూతురి పెళ్లి చెడుతుందేమోనని గడప దాటి ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు ఒక సోషల్ వర్కర్ వచ్చింది. జబ్బు ఊసే ఎత్తలేదు. మంచినీళ్లడిగి తాగి, కబుర్లు చెప్పి వెళ్లింది. మళ్లీ వచ్చినా అంతే. మూడోసారికి తల్లే కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

''నా పెంపకంలోనే ఏదో లోపముంది తల్లీ!''

''మీ తప్పేం లేదమ్మా. బీపీకి మాత్ర వేసుకోవడం లేదూ? ఇదీ జబ్బే. మందుంది.''

ఆమే వెంట ఆస్పత్రికెళ్లింది. మందు పనిచేయడానికి వారాలు పడుతుందని, కాస్త తేరుకోగానే ఆపేయకూడదని పదేపదే చెప్పింది. తర్వాత మహిళా సంఘం మీటింగుకి, ఇదే జబ్బు నుంచి కోలుకుని ఆటో నడుపుకొంటున్న ఒకాయన్ని తీసుకొచ్చింది. ఆయన తన కథ తానే చెప్పాడు. పది కరపత్రాలు చేయని పని ఆ పది నిమిషాలు చేశాయి.

దాచడం, కట్టేయడం ఎంత దూరం తీసుకెళ్తాయో 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడి చూపించింది. మంటలంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. మానసిక రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. 2022లో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకి ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా సలహా చెబుతారు. కానీ ఇరుగుపొరుగు నవ్వుని ఏ చట్టం ఆపగలదు? గడపగడపకీ తిరిగే మనిషే కావాలి.

మొదట్లో ఆ తల్లి బస్సులో 'ఈఎస్ఐ' అని చెప్పి, అక్కడ దిగి నడిచేది. తెలిసినవాళ్లు చూస్తే కాళ్లనొప్పులకని చెప్పొచ్చని.

మొన్న మాత్రం ఆధార్ కార్డు చూపిస్తూ కండక్టరుతో గట్టిగానే అంది.

''రెండు ఎర్రగడ్డ. నాది జీరో టికెట్టు, మా అబ్బాయికి మామూలుది.''

ఎవరూ నవ్వలేదు.