దారి సుంకం

సుంకం అనే మాట తెలుగువాడికి కొత్తది కాదు. సంతలో దించిన ప్రతి గంపకూ ఆశీలు కట్టించుకునే పాటదారును చూసి పెరిగినవాళ్లం. సుంకరి అని ఇంటిపేరున్నవాళ్లు మనలో ఇప్పటికీ వున్నారు. విజయవాడ నుంచి హైదరాబాదు పోయేవాళ్ల దగ్గర చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి అని మూడు పేర్లు చెప్పి చూడండి, చెయ్యి దానంతటదే జేబు మీదికి పోతుంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది గనక ఆ తడుముకోవడం కూడా తప్పిందనుకోండి. అద్దం మీది కాగితాన్ని యంత్రం చూసుకుంటుంది, డబ్బు పోయిన సంగతి ఫోను చెబుతుంది. ఐరోపాలో కారెక్కితే ఈ సుఖం లేదు. అక్కడ సరిహద్దు దాటినప్పుడల్లా సుంకం వేషం మారుస్తుంది.

2024 జూన్‌లో అమ్మనూ, మా ఆవిడనూ వెంటబెట్టుకుని మ్యూనిక్‌లో వుద్యోగం చేస్తున్న మా తమ్ముడి దగ్గరకు వెళ్లాను. "అమ్మకు వెనిస్ చూపిద్దాం అన్నయ్యా, కారులో పోదాం" అన్నాడు. అద్దెకారు మాట్లాడాడు. ఖర్చు దగ్గర పేచీ వచ్చింది. సగం నాదన్నాను, వాడు వినడు. నాన్నగారి చివరి రెండేళ్ల ఆసుపత్రి ఖర్చంతా వాడే మోశాడు. మంచం పక్కన కూర్చున్నది నేను, డబ్బు పంపింది వాడు. ఆ సంగతి వాడు ఏనాడూ ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్లనే కాబోలు, నాకు మరుపురాదు. చివరికి అమ్మే తీర్పు చెప్పింది: "కారూ పెట్రోలూ చిన్నాడివి. దారి సుంకాలు పెద్దాడివి. ఇంక నోళ్లు మూయండి."

పేపర్లు దిద్దిన డబ్బులో 150 యూరోలు విడిగా తీసిపెట్టి, ఒక చిన్న నోటుపుస్తకం కొని, సుంకాల మంత్రిగా కారులో ముందు సీటెక్కాను.

జర్మనీలో నా శాఖకు పనే లేదు. కార్లకు అక్కడ రహదారి సుంకం లేదు. పెడదామని చూశారు గాని, స్వదేశస్థులకు బండిపన్నులో తగ్గించి ఆ భారం పరదేశస్థుల మీద మాత్రమే పడేటట్టు ఏర్పాటు చేశారని ఆస్ట్రియా ఫిర్యాదు చేసింది. 2019లో ఐరోపా న్యాయస్థానం ఆ ఏర్పాటును కొట్టేసింది.

ఫిర్యాదు చేసిన ఆస్ట్రియావాళ్లు మాత్రం మన దగ్గర పుచ్చుకుంటారు. దూరంతో నిమిత్తం లేదు, రోజుల లెక్క. దాన్ని విన్యెట్ అంటారు. పది రోజులకు ఆ యేడు 11 యూరోల 50 సెంట్లు. అప్పట్లో స్టిక్కరుగానూ దొరికేది, బండి నంబరు మీద కంప్యూటరులోనూ రాయించుకోవచ్చు. అద్దెకారు నంబరు తాళం చేతికొచ్చేదాకా తెలియదు గనక ముందుగా ఇంట్లో కూర్చుని కొనే వీలు లేకపోయింది. సరిహద్దుకు ముందు పెట్రోలు బంకులో స్టిక్కరే కొన్నాను. జర్మనీలో తీసుకున్న బండికి అది వుంటుందిలే అనుకోకూడదు.

అంతటితో అయిందా అంటే కాలేదు. ఇటలీకి దిగే బ్రెన్నర్ రహదారికి ఆ స్టిక్కరు చెల్లదు, ఆ యేడు వేరే 11 యూరోలు. పక్కన పాతరోడ్డు వుంది, దానికి కాణీ అక్కర్లేదు. "అందులో పోదామా?" అన్నాడు తమ్ముడు, నా డబ్బు మిగిల్చే ఆలోచనతో. వేసవి శనాదివారాల్లో రహదారి దిగి పల్లెల్లోంచి అడ్డదారిన పోయేవాళ్లను టిరోల్‌వాళ్లు చాలా చోట్ల అడ్డుకుంటున్నారు. ఆ పల్లెజనం బాధ వాళ్లది. మేము వెళ్లింది శనివారం. పైగా ఆ మలుపులకు అమ్మ కడుపు తట్టుకోదు. వద్దన్నాను. దారిలో 1963లో కట్టిన యూరోపా వంతెన వస్తుంది, లోయకు 190 మీటర్ల ఎత్తు. అమ్మ కిందికి తొంగిచూసి, "దీనికి ఆమాత్రం ఇచ్చుకోవచ్చులే" అన్నది.

ఇటలీలో పద్ధతి మళ్లీ మారింది. ఎక్కేచోట యంత్రం చీటీ ఇస్తుంది, దిగేచోట దూరాన్నిబట్టి కడతాం. సుంకం పుచ్చుకునే మోటారు రహదారికి ఇటలీయే పుట్టిల్లు లెండి. 1924లో మిలాన్ నుంచి సరస్సుల వైపు వేశారు. చీటీ పోయిందా, అన్నిటికన్నా దూరపు గేటు నుంచి వచ్చినట్టు లెక్కకట్టి వసూలు చేస్తారు. అందుకని చీటీని నోటుపుస్తకంలో పెట్టి, పుస్తకం జేబులో పెట్టి, జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. గేటు దగ్గర వరసల రంగులు చూసుకోవాలి. పసుపుపచ్చది టెలిపాస్ అనే యంత్రం వున్నవాళ్లకు, అంటే వాళ్ల ఫాస్టాగ్. నీలం కార్డులకు. నాణేలూ చెయ్యీ బొమ్మ వున్న తెల్లది రొక్కానికి. పొరపాటున ఏ వరసలో దూరినా వెనక్కి మాత్రం రాకూడదు, అది పెద్ద నేరం.

వెరోనాలో దిగుతూ నీలం వరసలోకి వెళ్లాం. యంత్రం నా కార్డు పుచ్చుకోలేదు. తమ్ముడు తనది పెట్టాడు, దాన్నీ వుమ్మేసింది. వెనక అప్పటికే నాలుగు బళ్లు, హారన్లు. సాయానికని వున్న మీట నొక్కితే లోపలినుంచి ఇటాలియనులో గొంతు ఏదో అన్నది, ఒక పొడుగాటి చీటీ వచ్చింది, కమ్మీ లేచింది. కట్టని సుంకానికి రసీదన్నమాట! 15 రోజుల్లో కడితే అదనం ఏమీ లేదు.

"నేను తరవాత చూసుకుంటాలే అన్నయ్యా" అన్నాడు వాడు.

ఆ మాట నేను ఆసుపత్రి వరండాలో ఫోనులో ఎన్నిసార్లు విన్నానో! కారు అద్దె కాగితాల మీద సంతకం వాడిది. నేను గుంటూరులో పాఠం చెప్పుకుంటూ వుండగా, ఆ బాకీ కంపెనీకి చేరి, వాళ్ల చాకిరీ ఖర్చు కూడా కలుపుకుని వాడి నెత్తిన పడుతుంది. వాడు నాకు చెప్పడు కూడాను. ఆ రాత్రి బసలో చీటీ మీది అంకెలు ఒక్కొక్కటే ఫోనులో కొట్టుకుంటూ కూర్చున్నాను. "ఇరవై యూరోలైనా లేని దానికి ఇంత జాగారమేమిటండీ!" అన్నది మా ఆవిడ. డబ్బు కట్టినట్టు జవాబు వచ్చేసరికి పన్నెండు దాటింది. నిద్ర మాత్రం బాగా పట్టింది.

వెనిస్ సంగతి ఇక్కడ రాయను, అది అమ్మ చెప్పాలి.

తిరుగు దారిలో మిలాన్ మీదుగా స్విట్జర్లాండు రావాలన్నది మా మరదలి కోరిక. తమ్ముడు జంకాడు. స్విట్జర్లాండులో పది రోజుల చీటీ లేదు, ఒక్క పూట పోయినా యేడాది విన్యెట్ కొనవలసిందే. 40 ఫ్రాంకులు, మన డబ్బులో అప్పటి లెక్కన దాదాపు 3,700 రూపాయలు. లేకుండా దొరికితే జరిమానా 200, ఆపైన విన్యెట్ ధర. "ఒక్కరోజుకు దండగ బావగారూ, పోనివ్వండి" అన్నది మరదలు కూడా. పుస్తకం తీసి చూశాను. ఆస్ట్రియా, ఇటలీ కలిపి 80 దాటలేదు. సరిహద్దులో నేనే దిగి స్టిక్కరు కొని, అద్దానికి నా చేత్తో అంటించాను.

గొట్థార్డ్ సొరంగం దాదాపు 17 కిలోమీటర్లు. దీపాల వరస తరగదు. బయటికి వచ్చాక అమ్మ, "దీనికి వేరే ఏమీ పుచ్చుకోలేదేమిరా?" అన్నది. స్టిక్కరులోనే కలిసిందన్నాను. మరి కాసేపటికి, "పెద్దాడు కొన్నాడు" అని మరదలికి చెబుతూండటం వినిపించింది.

మ్యూనిక్‌లో కారు వప్పజెప్పేటప్పుడు తమ్ముడు అద్దం వంక చూసి, "ఇది వచ్చే జనవరి 31 దాకా చెల్లుతుంది అన్నయ్యా" అన్నాడు. స్టిక్కరు పీకితే చెల్లదు. అలాగే వుంచి తాళం ఇచ్చేశాం. ఇంటికి వచ్చాక నోటుపుస్తకం ఇలా ఇమ్మని చెయ్యి చాచాడు, కూడి చూస్తాడట. అమ్మ దాన్ని అందుకుని తన సంచీలో వేసుకున్నది.