నేలకు ఆనని పాదం

సైకిలు పోటీ అనగానే మన మనస్సుకు వేగమే స్ఫురిస్తుంది. అయితే వేగంతో నిమిత్తం లేని పోటీ కూడా ఒకటి లోకంలో ఉన్నది. దాని పేరు ట్రయల్స్. బండరాళ్లు, చెట్ల మొద్దులు, ఏటవాలు గట్లు మొదలైన అవరోధాల మీదుగా, పాదం నేలకు ఆనకుండా వాహనాన్ని దాటించడమే అందులోని పరీక్ష. మోటారు సైకిళ్ల ట్రయల్స్‌లో పాదం ఒకసారి ఆనితే ఒక దోషాంకం, రెండుసార్లకు రెండు, అంతకు మించితే మూడు. కింద పడినా, హద్దు దాటినా ఐదు. ఏ దోషమూ లేనివాడికి సున్న. సున్నకు ఇంతటి గౌరవం దక్కే పరీక్ష మరొకటి నేనెరుగను.

ఈ క్రీడ బ్రిటన్‌లో పుట్టింది. స్కాట్లండులో జరిగే ఆరు రోజుల పోటీకి 1909లో అంకురార్పణ జరిగింది. యార్క్‌షైర్‌లోని షిప్లీ పట్టణంలో మోటారు సైకిళ్లు తయారుచేసిన ఆల్ఫ్రెడ్ స్కాట్, 1914లో తన కర్మాగారపు పనివారికి కొండదారుల్లో ఒక పోటీ పెట్టాడు. అదే స్కాట్ ట్రయల్‌గా ప్రసిద్ధి పొందింది. 1970ల దశకంలో స్పెయిన్ దేశపు మోటారు సైకిలు వీరుడు పెరె పీ, తన కుమారుడు ఒట్ పీ చేత ఇదే విద్యను మామూలు సైకిలు మీద అభ్యాసం చేయించాడు. ఆ బాలుడు అనంతర కాలంలో ప్రపంచ విజేత అయ్యాడు. సైకిలు ట్రయల్స్ ఆ విధంగా వ్యాప్తిలోకి వచ్చింది.

మా తమ్ముడు చాలాకాలంగా యార్క్‌షైర్‌లో స్థిరపడి ఉన్నాడు. 2023 వేసవి సెలవుల్లో నేను వారి ఇంట కొన్ని వారాలు గడిపాను. అతని కుమారుడికి పద్నాలుగేళ్లు. డానీ మెకాస్కిల్ అనే స్కాట్లండు యువకుడు ఎడింబరో నగరంలో మొనదేలిన ఇనుప కంచె మీద సైకిలు నడిపిన 2009 నాటి చలనచిత్రాన్ని చూసినప్పటి నుండి ఆ పిల్లవాడికి ఈ విద్య మీద మనసు పడింది. అంతకు ముందటి శరదృతువులో వీధిలోని ఒక ఎత్తైన గోడ మీది నుండి దూకబోయి మణికట్టు విరగగొట్టుకున్నాడు. కట్టు విప్పిన నాటి నుండి ఇంట్లో వాదన మొదలయింది. సైకిలు అమ్మివేయాలని మా మరదలు పట్టుబట్టింది. అమ్మితే స్నేహితుల సైకిళ్ల మీద, ఎవరూ చూడని చోట దూకుతాడని మా తమ్ముడి భయం. ఇద్దరి మాటలోనూ ప్రేమే ఉన్నది.

చివరకు ఒక ఒప్పందం కుదిరింది. అభ్యాసమంతా ఇంటి పెరటిలోనే జరగాలి. అవరోధాలను తండ్రీకొడుకులు స్వయంగా నిర్మించుకోవాలి. కొత్త వస్తువు ఏదీ కొనరాదు.

ఆ కారణంగా నేను చూసిన మొదటి దృశ్యం పారవేసిన వస్తువుల సేకరణ. గోదాముల్లో సరుకుల కింద వేసే చెక్క ప్యాలెట్లు, అరిగిపోయిన లారీ టైర్లు, విద్యుత్తు తీగలు చుట్టే పెద్ద చెక్క చుట్ట, గాలివానకు కూలిన చెట్టు మొద్దు, శిథిలమైన ప్రహరీ రాళ్లు పెరటికి చేరాయి. అడిగి తెచ్చుకున్నవే అన్నీ. ప్యాలెట్ల మీద ముద్రలు ఉంటాయి. వేడిమితో శుద్ధి చేసినవాటి మీద హెచ్.టి. అనీ, మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో శుద్ధి చేసినవాటి మీద ఎం.బి. అనీ ఉంటుంది. మొదటి రకాన్నే ఏరుకున్నారు. పాత రైలు స్లీపర్లు దొరికినా మా తమ్ముడు వద్దన్నాడు. వాటికి పట్టించిన క్రియోసోట్ నూనె చర్మానికి హాని చేస్తుంది.

నిర్మాణంలోనూ ఆలోచన ఉన్నది. ప్యాలెట్ల పలకలు పలుచన. చక్రం బరువుకు నడుమ విరుగుతాయి. అందుచేత కింద అడ్డుకర్రలు బిగించారు. అదురుకు మేకులు వదులై పైకి లేస్తాయి కనుక మరలు వాడారు. తడిసిన చెక్క జారుతుంది కనుక కోళ్లగూళ్లకు వేసే ఇనుప వలను దాని మీద పరిచారు. టైర్లను సగం నేలలో పాతి మట్టి కూరారు. మొద్దు దొర్లకుండా ఇరువైపులా గూటాలు దిగ్గొట్టారు. ఆ పనితో, దేనికి ఎంత బరువు ఆనుతుందో ఆ పిల్లవాడికి చేతులతోనే తెలిసివచ్చింది.

ప్యాలెట్లలో మరొక సుగుణం ఉన్నది. యూరో ప్యాలెట్ ఎత్తు 144 మిల్లీమీటర్లు. ఒకదానిపై ఒకటి బిగిస్తే రెండింటికి 288, మూడింటికి 432. భయానికి కొలత దొరికింది. ఒక ఎత్తును వరుసగా పదిసార్లు సున్న దోషాలతో దాటిన తరువాతనే మరొక ప్యాలెట్ చేర్చాలని మా మరదలు నియమం పెట్టింది. ఆ క్రీడలో పాదాన్ని కనిపెట్టి దోషాలు లెక్కించే వ్యక్తిని పరిశీలకుడు అంటారు. ఆ పదవి నాకు దక్కింది. మే నెలలో అక్కడ రాత్రి తొమ్మిది వరకు వెలుగు ఉంటుంది. రోజూ సాయంత్రం నోటుపుస్తకంతో పెరటిలో కూర్చునేవాణ్ణి.

అతని సాధన చూస్తుంటే నాకు అవధానం గుర్తుకు వచ్చేది. నిషిద్ధాక్షరిలో అడుగడుగునా అక్షరాన్ని నిషేధిస్తారు. నిషేధాల నడుమనే పద్యం సాగాలి. ఇక్కడ నేల మొత్తం నిషిద్ధమే. ట్రయల్స్‌లో పోటీకి ముందు దారినంతా కాలినడకన చూసి మనస్సులో నిలుపుకుంటారు. అదొక విధమైన ధారణ. రెండు చక్రాల మీద కదలకుండా నిలబడడమే అందులో తొలి పాఠం. కదలిక కన్న నిలకడ కష్టమని అప్పుడే కళ్లారా చూశాను.

ఒకనాటి సాయంత్రం రెండు ప్యాలెట్ల ఎత్తును తొమ్మిదిసార్లు నిర్దోషంగా దాటాడు. పదవసారి కూడా దిగాడు. మా మరదలు కిటికీ వద్ద నిలబడి చూస్తున్నది. నేను సున్న రాయబోతున్నాను.

"పెదనాన్నగారూ, ఒకటి రాయండి. చెక్కల చాటున కాలు ఆనింది, మీకు కనిపించదు" అన్నాడు.

"మళ్లీ మొదటి నుండి పదిసార్లు చేయాలి కదా, నాయనా?"

"చేస్తానండి."

ఒకటి రాశాను. మా మరదలు పెరటిలోకి వచ్చి టైరు మీద కూర్చున్నది. అంతవరకు ఆమె కిటికీ దాటి రాలేదు. మూడవ ప్యాలెట్ నా ఎదుట బిగించలేదు. నేను తిరుగు ప్రయాణమైన నాటికి అతడు రెండవ ఎత్తు మీదనే ఉన్నాడు.

అభ్యాసం కూసు విద్య అన్నారు పెద్దలు. అయితే అభ్యాసానికి తగిన చోటు కూడా కావాలి. ఎత్తు తెలిసినది, పడినా లేవగలిగినది, తప్పును తానే చెప్పుకోగలిగినది అయిన చోటు. పిల్లల సాహసాన్ని నిషేధించడం సులభం, నిర్లక్ష్యం చేయడం మరీ సులభం. దానికి మెట్లు కట్టి ఇవ్వడమే కష్టం. ఆ మెట్లకు పారవేసిన చెక్కలు చాలు. పక్కన కూర్చుని చూసే ఓపిక మాత్రం ఇంటివారే సమకూర్చాలి.