రహీం సాబ్, సైకిల్ అద్దె, మా తమ్ముడి కబడ్డీ

మొన్న ఆదివారం పొద్దున్నే బాన్సువాడ నుంచి చిన్నమ్మ ఫోన్. ఆదివారం పూట తొమ్మిదింటికి ముందు ఫోనొచ్చిందంటే ఏదో పెద్ద విషయమే అయ్యుంటుందని కంగారుగా ఎత్తాను.

"నువ్వన్నా చెప్పురా వానికి. ఎంపీసీ తీస్కోరా అంటే ఇంటలేడు. కబడ్డీ ఆడుతడంట. నీ మాటయితే ఇంటడు."

మా తమ్ముడు (చిన్నమ్మ కొడుకు) ఈ మధ్యే పదో తరగతి పాసయ్యాడు. కూతకు పోతే ఇద్దరు ముగ్గురిని ముట్టుకోకుండా వెనక్కి రాడు. జిల్లా జట్టు క్యాంపుకి పిలుపొచ్చింది. సరిగ్గా అదే వారంలో హైదరాబాదులో ఓ కాలేజీ హాస్టల్లో చేరాలి. ఇంట్లో రోజూ పంచాయితీ! మన ఇళ్ళల్లో ఇలాంటి పంచాయితీలకి జడ్జి ఎవరంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. ఆ అర్హత మనకెలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు :)

"చెప్తా చిన్నమ్మా" అని పెట్టేశాను గానీ ఏం చెప్పాలో తెలియలేదు. ఎందుకంటే నేనూ ఒకప్పుడు అక్కడే నిలబడ్డాను. మా స్కూల్లో డ్రిల్ పీరియడ్ అని టైంటేబుల్లో ఉండేది. పదో తరగతికి వచ్చేసరికి ఆ పీరియడ్ మొత్తం లెక్కల సారు ఖాతాలోకి పోయింది. మండల స్థాయిలో రెండు మ్యాచులు ఆడాను, ఆ తర్వాత బాపు వద్దన్నాడు, మానేశాను. నిజం చెప్పాలంటే నేనేమంత గొప్ప ఆటగాణ్ణి కాదు. నన్ను ఆపినందుకు దేశానికి జరిగిన నష్టమేమీ లేదు. కానీ నేను గొప్పవాణ్ణో కాదో ఎవరైనా నాలుగు రోజులు చూసి చెప్పారా అంటే, అదీ లేదు.

ఆ రోజంతా నాకు గుర్తొచ్చిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాబ్. 2024లో 'మైదాన్' సినిమా వచ్చినప్పుడు చాలామంది మొదటిసారి విన్నారు ఈ పేరు. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, నేనూ అందులో ఒకణ్ణే. నాలుగేళ్ళు హైదరాబాదులో ఇంజినీరింగు చదివాను, ఫతే మైదాన్ ముందు నుంచి సిటీ బస్సులో ఎన్నిసార్లు పోయానో లెక్కే లేదు. ఒక్కరు కూడా చెప్పలేదు.

రహీం 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియాలో చదువుకుంటూ యూనివర్సిటీ టీముకి ఫుట్‌బాల్ ఆడాడు. తర్వాత బడిపంతులయ్యాడు. పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషే 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పుని వరసగా అయిదేళ్ళు గెలిచింది. కలకత్తా క్లబ్బులదే రాజ్యమైన రోజుల్లో!

ఇండియా జట్టు కూడా ఆయన చేతికే వచ్చింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తు. మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు మరి! ఇంకొకరైతే అక్కడితో సర్దుకునేవారు. ఈయన తిరిగొచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మనం ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి నాలుగో స్థానంలో నిలిచాం. ఫుట్‌బాల్‌లో. ఒలింపిక్స్‌లో. మనం. మూడుసార్లు చదువుకోండి, నేనూ అలాగే చదువుకున్నాను.

ఆయన పద్ధతులు చూస్తే నాకు భలే ముచ్చటేసింది. కుర్రాళ్ళకి టోర్నమెంట్లు పెట్టేవాడు, అందులో బలం లేని కాలితోనే బంతి తన్నాలి. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి రాగానే పక్కవాడికి ఇచ్చేయాలి. డబ్బూ లేదు, జిమ్మూ లేదు, వీడియోలూ లేవు. ఉన్న మైదానంలోనే నియమం ఒక్కటి మార్చి మనిషిలో లేని నైపుణ్యం రప్పించాడు. పిల్లాడికి ఏది రాదో కనిపెట్టి దానిమీదే పని చేయించడం అచ్చం పంతులు బుర్రే.

సికింద్రాబాదు వైపు నుంచి వచ్చిన పేద కుర్రాడు తులసీదాస్ బలరామ్. ప్రాక్టీసుకి రావాలంటే సైకిలు లేదు. సైకిల్ అద్దెకి రహీం సాబే డబ్బులిచ్చేవాడని బలరామ్ తర్వాత చెప్పుకున్నారు. ఆ కుర్రాడే 1956, 1960 ఒలింపిక్స్ రెండూ ఆడాడు.

ఇక 1962 జకార్తా. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. అక్కడినుంచి ఒక్కో మెట్టూ ఎక్కి ఫైనల్‌కొస్తే ఎదురుగా మళ్ళీ అదే కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లని రానివ్వనందుకు మన ప్రతినిధి అభ్యంతరం చెప్పాడని స్థానికులకి మనమీద కోపం. దాదాపు లక్షమంది జనం, అందరూ మనకి ఎదురే. తలకి కుట్లుపడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం ముందుకు పంపి ఫార్వర్డుగా ఆడించాడు. పీకే బెనర్జీ ఒక గోలు, ఆ కుట్ల తలతోనే జర్నైల్ ఒక గోలు. 2-1. బంగారం. అప్పటికే ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న పోయాడు. యాభై నాలుగు కూడా నిండలేదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ బంగారం రాలేదు. 1960 తర్వాత ఒలింపిక్స్ మైదానమే తొక్కలేదు.

చెప్పొచ్చేదేమిటంటే... ఈ కథ విని "చూశావా, కష్టపడితే ఏదైనా సాధించొచ్చు" అనేస్తారు మనవాళ్ళు. నాకు అలా అనిపించదు. రహీం సాబ్ ఒక్కడి పట్టుదలే అయితే అది ఆయనతోనే మొదలై ఆయనతోనే పోయేది. వెనకాల ఇంకొకటుంది. పోలీసు జట్టులో చేరిన కుర్రాడికి ఉద్యోగం ఉండేది. నెల తిరిగేసరికి జీతం. మోకాలు విరిగినా ఇంట్లో పొయ్యి వెలిగేది. అలా తిండికి భయం లేని కుర్రాళ్ళు, వాళ్ళని చూసుకునే పంతులు ఒకేచోట కలిశారు. ఒకటున్నా రెండోది లేకపోతే జకార్తా లేదు.

చిన్నమ్మ భయం కూడా ఇదే కదా. ఆవిడకి కబడ్డీ మీద పగేం లేదు. టీవీలో తెలుగు టైటాన్స్ ఆట వస్తే ఆవిడే ముందు కూర్చుంటుంది. 2014లో ప్రో కబడ్డీ వచ్చాక డబ్బులున్నాయని అందరికీ తెలుసు. కానీ ఆ వేలంలో అమ్ముడుపోయేది ఎంతమంది? పోనివాళ్ళు ఏం తింటారు? ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "నీ కల వెంట పరుగెత్తురా" అని ఏసీ రూములో కూర్చుని నేను డైలాగు కొడితే ఆ పరుగు ఖర్చు పెట్టేది చిన్నమ్మ, బాబాయి. వరి మీద వచ్చే డబ్బుల్లోంచి.

సాయంత్రం వాడికి ఫోన్ చేశాను.

"అన్నా, నువ్వు గూడ వద్దంటవా?"

ఆ గొంతు విన్నాక ముందుగా అనుకున్నవన్నీ మర్చిపోయాను. "నీకు కూత బాగానే వస్తది గానీ పట్టు ఎట్లుంది?" అని అడిగాను. కొంచెం ఆగి, "పట్టు రాదన్నా, కుడి పక్కకైతే అసలే రాదు" అన్నాడు. క్యాంపుకి పో, నెలరోజులు ఆ రానిదే చెయ్యి, వాళ్ళ సారుతో నేను మాట్లాడతా అన్నాను. చదువు మాత్రం ఆపేది లేదు, హైదరాబాదు హాస్టల్ కాకపోతే బాన్సువాడలోనే గవర్నమెంటు జూనియర్ కాలేజీ ఉంది, ఎంపీసీయో ఇంకోటో అక్కడ తీసుకో అన్నాను. బేరం కుదిరింది.

తర్వాత చిన్నమ్మకి చెప్తే కాసేపు మాట్లాడలేదు. "రెండేండ్లే. అటెన్క నా మాట ఇనాలె" అంది. సరేనన్నాను.

బూట్ల సైజు అడిగాను వాణ్ణి. తొమ్మిదట. క్యాంపులో ఉన్నన్నాళ్ళు పాలకీ గుడ్లకీ నేనే పంపుతానని కూడా చెప్పాను. వాడు జిల్లా దాటతాడో లేదో నాకు తెలియదు, నాలుగు రోజులు చూసి చెప్పే మనిషి వాడికన్నా దొరికితే చాలు. రహీం సాబ్‌లా ఆట నేర్పడం మనవల్ల కాదు గానీ, సైకిల్ అద్దె మనవల్ల కాదా?