నాయన దుప్పటి

నేను చేసే పని ఏమిటని ఊళ్ళో ఎవరడిగినా "స్కానింగ్" అని చెప్పి ఊరుకోవడం నాకు అలవాటు. ఎవరికి స్కానింగ్ అని సాధారణంగా ఎవరూ అడగరు. అడిగినవాడు మా నాయన ఒక్కడే. ఆ సంగతి రాసి పెట్టుకోవాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

మాది నాయుడుపేట దగ్గరి పల్లె. నా చిన్నతనంలో నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. వరి పొట్టకొచ్చే వేళకు పొలంలో ఎలుకల బెడద మొదలయ్యేది. నాయన యానాదులను పిలిపించేవాడు. వాళ్ళలో ఒక పెద్దాయన గట్టు వెంట నెమ్మదిగా నడిచి, ఒక కలుగు దగ్గర కూర్చుని, లోపల గడ్డి రాజేసిన కుండను దాని నోటికి ఆనించి పొగ ఊదేవాడు. కాసేపటికి ఎక్కడో దూరాన ఇంకో బొక్కలోంచి పొగ లేచేది. గట్టు తవ్వకుండానే లోపలి దారి తెలిసిపోయేది. పట్టిన ఎలుకలూ, అవి కలుగులో దాచుకున్న వడ్లూ వాళ్ళకే.

ఇప్పుడు నేను చేసేదీ దాదాపు అదే. పొగకు బదులు రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించిన చక్కెర. దాని పేరు ఎఫ్‌డీజీ. 110 నిమిషాలకు అందులోని ధార్మికత సగమైపోతుంది. ఆకలి ఎక్కువగా ఉన్న కణాలు, ముఖ్యంగా అనేక రకాల క్యాన్సర్ కణాలు, ఆ చక్కెరను ఎక్కువగా లాక్కుంటాయి. ఫ్లోరిన్ నుంచి వెలువడే పాజిట్రాన్ పక్కనున్న ఎలక్ట్రాన్‌ను తాకి రెండూ అంతరించి, రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకు పరుగెడతాయి. చుట్టూ ఉన్న వలయం ఆ జంటలను పట్టుకుని అవి పుట్టిన చోటును లెక్కకడుతుంది. అది పెట్. ఆ వెలుగు ఏ అవయవంలో ఉన్నదో ఎక్స్‌రేలతో చూపేది సీటీ. నా యంత్రంలో రెండూ ఉన్నాయి. కాకపోతే దాని సొరంగంలో మనిషి పట్టడు. పాతిక గ్రాముల చిట్టెలుక పడుతుంది.

పూర్వం ఒక మందు కణితిపై ఎట్లా పనిచేస్తున్నదో చూడాలంటే మొదటి వారం కొన్ని ఎలుకలను, రెండో వారం మరికొన్నింటిని చంపి కోసి చూడవలసి వచ్చేది. 1990లలో కాలిఫోర్నియాలో సైమన్ చెర్రీ బృందం మైక్రోపెట్‌ను తయారుచేసింది. అటువంటి యంత్రాలు వచ్చాక అదే ఎలుకను మందుకు ముందూ, తర్వాతా బ్రతికుండగానే చూడవచ్చు. దానికి అదే పోలిక. తక్కువ ప్రాణాలతో ఎక్కువ తెలుసుకోవాలని రస్సెల్, బర్చ్ 1959లోనే ఒక పుస్తకంలో రాశారు. మా యంత్రం ఆ మాటను కొంతవరకైనా నిలబెట్టింది.

2019 వేసవిలో నాయనకు లింఫోమా అని తేలింది. మద్రాసులో పెట్ సీటీ చేయించాము. రెండు విడతల మందు ఎక్కించిన తరువాత మళ్ళీ ఒకసారి. రెండోసారి బయటికి వచ్చి ఆయన అన్న మొదటి మాట: "సూది వేసి గంటసేపు మాట్లాడొద్దన్నారు రా. ఈ ఎండల్లో దుప్పటి గూడా కప్పినారు. ఎందుకంటావ్?"

నాకు తెలుసు. చలి వేస్తే ఒంట్లో గోధుమరంగు కొవ్వు వేడి పుట్టించడానికి చక్కెరను తాగేస్తుంది. చిత్రంలో ఆ చోట్లు కణితుల్లా వెలుగుతాయి. ఎలుకలకు భుజాల నడుమ ఆ కొవ్వు మెండు. అందుకే మేమూ సూదికి ముందే వాటిని వెచ్చగా ఉంచుతాము. చదువు చూపించుకునే ఉత్సాహంలో ఇదంతా ఆయనకు చెప్పేశాను.

నాయన విని కాసేపు ఊరుకున్నాడు. "అంత పదిలంగా చూస్తారా? మరి ఆఖర్న ఆ ఎలకల్ని ఏం జేస్తారు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆయన చేతికి ఇంకా సూది గుచ్చిన చోట దూది అంటించి ఉంది. మందు పనిచేసిందో లేదో తెలిపే రిపోర్టు ఇంకా రాలేదు. "చాలావాటిని మత్తు ఇచ్చి, నొప్పి తెలియకుండా చంపేస్తాము నాయనా. స్కాన్ చూపించింది నిజమో కాదో కోసి సరిచూడాలి" అన్నాను.

బస్సు నాయుడుపేట చేరేదాకా ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. దిగేటప్పుడు మాత్రం అన్నాడు: "మన పొలంలో చచ్చిన ఎలకలకి లెక్కే లేదు రా. మీకు లెక్కుందా?"

ఉంది. ప్రతిదానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఎన్ని కావాలో, ఎందుకు కావాలో ముందుగా జంతు నైతిక సంఘానికి రాసి ఒప్పించాలి. ఆ మాటే చెప్పాను.

"అయితే ఆ లెక్క సరిగ్గా రాయి" అన్నాడు.

రిపోర్టు మంచిగానే వచ్చింది. నాయన ఆ తరువాత మూడు కోతలు చూశాడు. పోయింది క్యాన్సర్‌తో కాదు, గుండెపోటుతో.

లోపలికి చూడడానికి చంపనక్కరలేని రోజులు కొంత వచ్చాయి, పూర్తిగా రాలేదు. ఇప్పటికీ చిట్టెలుకకు మత్తిచ్చి వెచ్చటి పళ్ళెంలో పడుకోబెట్టేటప్పుడు దాని సంఖ్యను ఒకటికి రెండుసార్లు చూసి రాస్తాను. గదిలో చల్లదనం ఎక్కువనిపిస్తే దాని మీద ఇంకో గాజు గుడ్డ కప్పుతాను.